మడమ మీది ముడి

టవర్ క్రేన్ నడుపుతున్న చిన్నోడు పైన క్యాబిన్‌లోనే కూలబడిపోయాడు. కొక్కేనికి వేలాడుతున్న ఇనుప కడ్డీల కట్ట గేటు దారికి సరిగ్గా నడినెత్తిన ఆగిపోయింది. అంబులెన్స్ రావలసింది ఆ దారినే. పైకెక్కి ఆ కట్టను దించగలవాడు సైట్ మొత్తానికి ఇంకొక్కడే ఉన్నాడు. అతను చిన్నోడి అక్క మొగుడు. కానీ అతని రక్తం నిండా కొవ్వేనని, గుండె ఎప్పుడైనా మొరాయించవచ్చని పరీక్షలో తేలింది. మూడు నెలలుగా అతన్ని నిచ్చెన ముట్టనివ్వడం లేదు. ఆ ఆజ్ఞను పక్కకు నెట్టి అతను మొదటి మెట్టు మీద కాలు పెట్టడం పోయిన వారం చూశాం.

ఇప్పుడతను నిచ్చెన సగంలో ఉన్నాడు.

"బావా, దిగు! నీ చెడ్డ కొలెస్ట్రాల్ రెండొందల తొంభై ఒకటి!" నడుముకు తగిలించుకున్న వాకీటాకీ అరిచింది.

సైట్‌లో అందరూ అతన్ని బావ అనే పిలుస్తారు. చిన్నోడు ఉద్యోగంలో చేరిన మొదటిరోజు వాకీటాకీలో "బావా, వినబడుతోందా?" అని అడిగాడు. ఆ మాట సైటంతా వినబడింది. ఆ పూట నుంచి తాపీమేస్త్రీలకూ, వాచ్‌మన్‌కూ, చివరికి సేఫ్టీ ఆఫీసరుకూ అతను బావే అయ్యాడు. ఇప్పుడు వాకీటాకీలో అరుస్తున్న ఆ సేఫ్టీ ఆఫీసరు భోజనం దగ్గర కూడా టోపీ తియ్యడు కాబట్టి అతని పేరు హెల్మెట్.

"సార్, ఆ అంకె నాకు నిద్రలో కూడా వినబడుతోంది. మీరు కాసేపు ఊరుకుంటే ఈ ఊపిరి నిచ్చెనకు వాడుకుంటాను," అన్నాడు బావ.

"నీకేదైనా అయితే అది నా మెడకు చుట్టుకుంటుందయ్యా!"

"నాకేదైనా అయితే నా మెడ ముందు పోతుంది కదా సార్!"

బావ వాకీటాకీ గొంతు తగ్గించాడు. మూడు నెలలుగా ఇదే వరస. క్యాంటీన్‌వాడు గుడ్డు ఇస్తే హెల్మెట్ పచ్చసొన తీసేసి, దొంగవస్తువు పట్టుకున్నవాడిలా అందరికీ చూపించేవాడు. సిమెంటు బస్తాలు మోసే కుర్రాళ్లు "నూనెడబ్బా వస్తున్నాడు, తప్పుకోండ్రా, జారిపడతారు" అనేవాళ్లు. పదిహేనేళ్లు ఆకాశంలో కూర్చుని పని చేసినవాణ్ని స్టోర్ రూమ్‌లో మేకులు పంచే పనిలో పెట్టారు. ఇంట్లో ఉప్పు తగ్గింది, నూనె పోయింది. పళ్లెంలో ఉడకబెట్టిన ఆకులు తప్ప ఇంకేమీ కనబడలేదు. ఆవు ఎదురుపడితే దాని మొహం చూడలేకపోయేవాడు. దాని కూడు తాను లాక్కు తింటున్నట్టుండేది.

చివరి మెట్టు దాటి క్యాబిన్ తలుపు లాగాడు.

చిన్నోడు సీట్లో పక్కకు ఒరిగి ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. మొహం బూడిద రంగులో ఉంది. కళ్లు మాత్రం తెరుచుకునే ఉన్నాయి.

"బావా... గ్యాసనుకుంటా. దవడ కూడా లాగేస్తోంది."

"గ్యాస్ దవడలోకి వస్తుందట్రా, దరిద్రుడా! మాట్లాడకు."

బావ అతన్ని మెల్లగా లేపి వెనకగోడకు ఆనించి కూర్చోబెట్టాడు. చిన్నోడి కాళ్లకు బూట్లు లేవు. ఒక మూల పడున్నాయి. రెండింటి వెనకభాగం కత్తితో కోసేసి, చెప్పుల్లా చేసి పెట్టుకున్నాడు. బూట్లు కరుస్తున్నాయని వీడు ఎప్పుడూ సణుగుతూనే ఉంటాడు. నీళ్ల సీసా కోసం బావ వాడి సంచిలో చెయ్యి పెట్టాడు. సీసాతో పాటు ఒక మాత్రల అట్ట బయటికి వచ్చింది. దానికి ఆకుపచ్చ రబ్బరుబ్యాండు చుట్టి ఉంది.

బావ దాన్ని వెలుతురుకేసి తిప్పి చూశాడు.

ఆ రబ్బరుబ్యాండు తను చుట్టిందే. వైరు కట్టలకు వేసేది. మొన్న మందుల షాపులో కొలెస్ట్రాల్ మాత్రలు కొని, జేబులో నలిగిపోకుండా దాన్ని చుట్టి తీసుకెళ్లి భార్య చేతికిచ్చాడు. అట్టలో ఒక్క మాత్ర కూడా తగ్గలేదు. అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

రోజూ రాత్రి అన్నం తినగానే ఆవిడ అరచేతిలో పెట్టి ఇచ్చే మాత్ర మరి ఏమిటి?

"బావా," కింద నుంచి క్రేన్‌కు సైగలిచ్చే జెండావాడి గొంతు, "అంబులెన్స్ గేటు బయటే ఉంది. గాలి లేస్తోంది. కట్ట తిరుగుతోంది!"

అట్టను జేబులో కుక్కేసి సీట్లో కూర్చున్నాడు. క్రేన్ మంచి జంతువు. నడిపేవాడి చెయ్యి జారగానే ఎక్కడిదక్కడ బిగుసుకుపోయింది. అందుకే ఇంకా ఎవరూ చావలేదు. మీటలు పట్టుకున్నాడు. మూడు నెలల తర్వాత ఆ మీటలు అరచేతికి తగలగానే, అత్తారింటి నుంచి సొంతింటికి వచ్చినంత హాయిగా అనిపించింది. కట్ట తిరుగుడు తగ్గేదాకా ఆగాడు. తర్వాత చేతిని తిరుగుడుతో పాటే నడిపించి, కట్టను గేటు మీది నుంచి తప్పించి, ఇసుక కుప్ప పక్కన దించాడు. కడ్డీలు నేలను తాకిన చప్పుడు పైదాకా వినబడింది. కింద ఎవరో ఈల వేశారు.

"నూనెడబ్బా!" అని ఇంకెవరో అరిచారు. ఈసారి అందులో వెక్కిరింత లేదు.

అంబులెన్స్‌తో పాటు వచ్చిన రక్షకదళం వాళ్లు తాళ్ల స్ట్రెచర్‌తో పైకొచ్చి చిన్నోణ్ని కట్టి దించారు. వాళ్ల వెనకే బావ కూడా నిచ్చెన దిగాడు. దిగినవాణ్ని హెల్మెట్ రెక్క పట్టుకుని ఆపి నాడి చూశాడు.

"గుండె బాగానే కొట్టుకుంటోందే!" అన్నాడు, మోసపోయినవాడిలా.

"క్షమించండి సార్," అన్నాడు బావ.

*

ఫస్ట్ ఎయిడ్ గది అంటే నాలుగు రేకులు, ఒక మంచం, ఒక ఫ్యాను, బరువు తూచే యంత్రం. ఆ గదికి నర్సు బావ భార్యే. ఇంట్లో వాళ్లకు ఏమైనా కానీ, సైట్‌లో అందరికీ ఆమె నర్సమ్మ. తమ్ముణ్ని మంచం మీద పడుకోబెట్టగానే బీపీ చూసింది, ముక్కుకు ఆక్సిజన్ పెట్టింది. చేతులు చకచకా పని చేస్తున్నాయి. మొగుడి మొహం మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

గదిలో పొద్దున్నుంచీ ఇంకొకావిడ కూర్చుని ఉంది. ల్యాబ్ డాక్టరమ్మ. మూడు నెలల కిందట సైట్‌లో అందరికీ పరగడుపున రక్తపరీక్షలు చేసింది ఆవిడ ల్యాబే. బావ ఈమధ్య సొంతంగా బయట ఇంకో పరీక్ష చేయించుకున్నాడు. అందులో చెడ్డ కొలెస్ట్రాల్ నూటొకటి అని వచ్చింది. ఆ కాగితం పట్టుకుని "మీ మిషను తాగుందా మేడమ్?" అని ఫోన్‌లో నిలదీసి, ఆవిణ్ని ఇక్కడికి రప్పించాడు. గొడవ మొదలయ్యే లోపే క్రేన్ ఆగింది.

"ఛాతీలో నొప్పి, దవడ లాగడం, చెమటలు," అంటూ డాక్టరమ్మ లేచింది. "ఆస్పిరిన్ ఉందా నర్సమ్మా? ఇవ్వు. బాబూ, నమిలి మింగు."

అంబులెన్స్‌తో వచ్చిన డాక్టరు వైర్లు అంటించి ఈసీజీ తీశాడు. కాగితం చేతిలో పట్టుకుని పెదవి విరిచాడు.

"పెద్ద తేడా ఏమీ కనబడటం లేదు. వయసు ముప్పై కూడా ఉండదు. ఇనుప డబ్బాలో ఎండలో కూర్చున్నాడు. వడదెబ్బ అయ్యుంటుంది."

"రిపోర్టు కూడా క్లీన్ సార్!" హెల్మెట్ ఫైలు తెరిచి చూపించాడు. "చెడ్డ కొలెస్ట్రాల్ తొంభై ఎనిమిది. సైట్ మొత్తానికి ఇంత మంచి రక్తం ఇంకెవరికీ లేదు. నేను మీటింగులో చప్పట్లు కొట్టించాను కూడా."

"అయితే పక్కనున్న ఆస్పత్రిలో పడుకోబెట్టి సెలైన్ పెడదాం. గుండె ఆస్పత్రి వంతెన అవతల ఉంది. ఈ ట్రాఫిక్‌లో ఊరికే ఎందుకు?"

నర్సమ్మ గబగబా దుప్పటి తెచ్చి తమ్ముడి కాళ్ల మీద కప్పింది.

"ఉక్కపోతతో చచ్చేవాడికి దుప్పటెందుకమ్మా?" అని డాక్టరమ్మ లాగేసింది. నర్సమ్మ మళ్లీ కప్పింది. డాక్టరమ్మ ఆమె మొహంలోకి ఒకసారి చూసి, ఈసారి దుప్పటి తీసి నేల మీద పడేసింది.

చిన్నోడి మడమల వెనక, పిక్క నుంచి దిగే నరం మీద ముడులు ఉన్నాయి. తాడుకు ముళ్లు వేసినట్టు, రెండు కాళ్లకూ.

"ఇవి ఎప్పటి నుంచి?"

"బూటు కాయలు మేడమ్," అన్నాడు హెల్మెట్. "కొత్త బూట్లు ఇప్పించమని పైవాళ్లకు రాశాను."

"కాయలు చర్మం మీద వస్తాయి. ఇవి లోపల ఉన్నాయి." డాక్టరమ్మ బొటనవేలితో నొక్కి చూసింది. "ఇది కొలెస్ట్రాలే. పుట్టుకతో రక్తంలో విపరీతంగా ఉన్నవాళ్లకు అది నరాల మీద ఇలా పేరుకుంటుంది. ఒక నెలలో, రెండు నెలల్లో వచ్చేది కాదు. ఈ మడమలున్న మనిషి ఒంట్లో, మందు వాడకుండా, తొంభై ఎనిమిది ఉండటం అసాధ్యం. ఇది ఇతని రక్తం కాదు."

హెల్మెట్ ఫైలు మళ్లీ మొదటి నుంచి తిరగేశాడు.

"మరి ఎవరిది?" అన్నాడు హెల్మెట్.

డాక్టరమ్మ బావ వైపు తిరిగింది. "కాళ్లు చూపించు."

బావ విసుగ్గా బూట్లు విప్పాడు. మూడు నెలలుగా ఎవరు ఏది చూపించమంటే అది చూపిస్తూనే ఉన్నాడు. నాలుక, కనురెప్ప, గోళ్లు, పొట్ట. ఇప్పుడు మడమల వంతు వచ్చింది. అవి నున్నగా ఉన్నాయి.

"రెండొందల తొంభై ఒకటి నుంచి నూటొకటికి దిగిందని పొద్దున్న ఫోన్‌లో నా మీద అరిచావు," అంది డాక్టరమ్మ. "నీకు రాసిన మోతాదుతో సగానికి తగ్గితేనే గొప్ప. మూడోవంతుకు రావడం నేను చూడలేదు. నువ్వు మాత్ర రోజూ వేసుకుంటున్నావా?"

"ఒక్కరోజు కూడా మానలేదు మేడమ్. మా ఆవిడ చేత్తో పెడుతుంది. అదేం కంపో! పచ్చగా ఉంటుంది. పొద్దున్నే పోసుకునేది కూడా పసుపుపచ్చగా వస్తుంది."

"అది కొలెస్ట్రాల్ మాత్ర కాదయ్యా. అది బీ కాంప్లెక్స్."

బావ చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది. మాత్రల అట్ట వేళ్లకు తగిలింది. బయటికి తియ్యలేదు.

"అర్థమైంది!" హెల్మెట్ టోపీ సర్దుకున్నాడు. "రక్తం తీసిన రోజు వీళ్లిద్దరి ట్యూబులు తారుమారయ్యాయి. చేసిందెవరో నాకు తెలుసు. బావా, నువ్వే! కింద నీడన కూర్చుని, జీతం చేతికి రావాలని, నీ పేరు బావమరిది రక్తానికి అంటించావు. వాణ్ని చావుకు పైకెక్కించావు!"

"నేనా?" అన్నాడు బావ. "సార్, మీకు బుర్ర ఉందా, లేకపోతే ఆ టోపీ కింద ఖాళీయేనా? కింద కూర్చోవడం నాకు సుఖమా? మూడు నెలలుగా గడ్డి తింటున్నాను. నా చేత మేకులు లెక్కపెట్టిస్తున్నారు. నన్ను చూస్తే కుక్కపిల్ల కూడా జాలిపడి తోక ఊపుతోంది. ఇంత నరకం నాకు నేనే రాసుకుంటానా?"

"మరి ఎవరు? ఆ రోజు ట్యూబుల దగ్గర ఎవరున్నారు?"

ఆ రోజు ట్యూబుల దగ్గర ఎవరున్నారో సైటంతా తెలుసు. కానీ ఆ ఆలోచన హెల్మెట్ బుర్రకు తట్టలేదు. బావకు తట్టింది. తట్టకుండా ఉంటే బాగుండునని అనిపించింది.

ఆ రోజు రక్తం తీసింది నర్సమ్మ. స్టిక్కర్లు అంటించిందీ ఆమే. తమ్ముడి మడమల మీది ముడులు ఆమెకు కొత్త కాదు. అప్పటికి చిన్నోడి ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఒక్క చెడ్డ రిపోర్టు వస్తే వాణ్ని గేటు బయటికి పంపేస్తారు. తనది పదిహేనేళ్ల సర్వీసు. మహా అయితే నేల మీద పని ఇస్తారు. పైగా పెళ్లైన నాటి నుంచి ఆమెది ఒకటే పాట. "మీరు ఆ పైన ఉన్నంతసేపూ నా ప్రాణం నా దగ్గర ఉండదండీ, దిగొచ్చేయండి." ఆ రిపోర్టు వచ్చిన రాత్రి తను కంటి మీద కునుకు లేకుండా దొర్లాడు. ఆమె హాయిగా నిద్రపోయింది. పాపం అలసిపోయిందనుకున్నాడు.

తమ్ముడికి అసలు సంగతి తెలియకుండా మందు ఇప్పించి తనే బాగుచేసుకుందామనుకుంది. మొగుడి మాత్రలు అటు చేరవేసింది. కానీ సైట్‌లోకెల్లా మంచి రక్తం తనదేనని చప్పట్లు కొట్టించుకున్నవాడు మాత్రలు ఎందుకు మింగుతాడు? సంచిలో పడేశాడు. ఆమె తెచ్చిపెట్టిన మంచి రిపోర్టే ఆమె పంపిన మందును తినేసింది.

"మేడమ్, ఇదంతా మీ ఊహ," అన్నాడు అంబులెన్స్ డాక్టరు. అతనికీ ఓపిక అయిపోయింది. "మడమలు చూసి మనిషిని వంతెన దాటించమంటారు. కాగితమేమో బాగుందంటోంది, ఈసీజీ కూడా అలాగే ఉంది. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండెజబ్బుతో పోయారా? ఉంటే చెప్పండి, ఇప్పుడే గుండె ఆస్పత్రికి ఫోన్ చేసి సిద్ధంగా ఉండమంటాను. లేకపోతే నన్ను వెళ్లనివ్వండి."

అందరూ నర్సమ్మ వైపు చూశారు.

"మా నాన్న చిన్న వయసులోనే పోయారు," అంది ఆమె. "ఆయన నిచ్చెన మీది నుంచి జారిపడి పోయారు. గుండెజబ్బు ఎవరికీ లేదు."

"అక్కా..." మాస్కు లోపల చిన్నోడు ఏదో అనబోయాడు. దగ్గు వచ్చింది. వాడి వేళ్లు చొక్కా గుండీని పట్టుకుని మెలిపెట్టాయి.

బావకు తన అత్తగారు ఎప్పుడో యథాలాపంగా అన్న మాట గుర్తొచ్చింది. కొత్త అల్లుడికి చెప్పులు కొనడానికి వెళ్లినప్పుడు అంది. "మీ మామగారికి ఏ జోడూ సరిపోయేది కాదు బాబూ. వెనక పట్టీ కోసేసుకునేవారు." నిచ్చెన మీద ఉన్న మనిషి ఎందుకు జారాడో ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. లేదా అడిగి, నోరు మూసుకున్నారు.

"చెప్పవయ్యా!" హెల్మెట్ బావ భుజం పట్టుకుని ఊపాడు. "మార్చింది నువ్వే కదా? ఒప్పుకుంటే ఇక్కడితో తేలిపోతుంది. లేకపోతే పోలీసులొస్తారు."

ఒప్పుకోవడం తేలిక. 'నేనే' అంటే చాలు. ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది, ఆమె మాత్రం మిగులుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నర్సమ్మ మొదటిసారి అతని కళ్లలోకి చూసింది. ఆ చూపులో బతిమాలడం ఉంది, భయం ఉంది. మూడు నెలలుగా ఉడకబెట్టిన ఆకులు వడ్డిస్తూ ఆమె చూసిన చూపూ ఇదే. తను దాన్ని ప్రేమనుకున్నాడు. ప్రేమే, కాదనడానికి లేదు. ఒళ్లు మండేది అందుకే.

కానీ తను 'నేనే' అంటే తర్వాతి ప్రశ్నకు జవాబెవరు చెబుతారు? నాన్న ఎలా పోయాడు, ఏ ట్యూబు ఎవరిది, తమ్ముడికి ఎప్పటి నుంచి ఇలా ఉంది, ఇవన్నీ తెలిసినది ఒక్కత్తే. ఆ ఒక్కత్తీ మళ్లీ అబద్ధమే చెబుతుంది. చిన్నోడు వంతెన ఇవతల సెలైన్ ఎక్కించుకుంటూ పడుంటాడు.

బావ తల దించుకున్నాడు. అతని చూపు నేల మీద, మంచం కోళ్ల పక్కన, ఆమె పాదాల దగ్గర ఆగింది.

సైట్‌లో అడుగుపెట్టిన ప్రతివాడూ వెనక మూసిన బూట్లు తొడుక్కోవాలని రూలు. ఆ రూలు కోసం హెల్మెట్ ఎంతమందితోనో తగువు పడ్డాడు. నర్సమ్మ దగ్గర మాత్రం ఎప్పుడూ ఓడిపోయాడు. ఎన్నిసార్లు తిట్టినా ఆమె వెనక పట్టీ లేని చెప్పులే వేసుకొస్తుంది. "నా గదిలో ఇటుకలు పడవు లెండి" అని నవ్వేసేది. అందరి రక్తం తీసిన మనిషి తన రక్తం మాత్రం ఇవ్వలేదు. నర్సుకు ఎవరు తీస్తారని అప్పుడు కూడా నవ్వేసింది.

చీర అంచు కింద, చెప్పు దాటి బయటికి వచ్చిన మడమ కనబడుతోంది. దాని వెనక నరం మీద, తాడుకు వేసినట్టు, ఒక ముడి ఉంది.

పన్నెండేళ్ల కాపురంలో అతను ఆ కాళ్లను చూడని రోజు లేదు. ఒక్కరోజూ సరిగ్గా చూడలేదు.

జేబులోంచి మాత్రల అట్ట తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టాడు.

"వీళ్ల నాన్న నిచ్చెన మీది నుంచి జారి పోలేదు డాక్టర్‌గారూ, పోయి జారాడు. చిన్నోణ్ని వంతెన దాటించండి. దాటించేటప్పుడు ఇంకొకరిని కూడా అదే బండిలో ఎక్కించండి. ఆ రక్తం వాళ్లిద్దరిదీ."

"ఇంకొకరా?" హెల్మెట్ విసుక్కున్నాడు. "ముందు నేనడిగినదానికి చెప్పు. ట్యూబులు మార్చింది ఎవరు?"

"వద్దండీ," అంది నర్సమ్మ. వినీ వినబడనట్టు.

బావ ఆమె వైపే చూస్తూ చెప్పాడు.

"మా ఆవిడ."